సర్టిఫికెట్లు నావే అనుకున్నాను, కంపెనీవట!

పేరు రాయవద్దంటూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే పంపారు. వయసు 31. మెకానికల్ డిప్లొమా చదివి, ఆరేళ్లుగా ఒక ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీలో ఎన్డీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. వెల్డింగులను, పైపులను, ట్యాంకులను కోయకుండా, పాడుచేయకుండా పరీక్షించి లోపాలు పట్టే పని. పీటీ (పగుళ్లలోకి చొచ్చుకుపోయే ద్రవంతో పరీక్ష), ఎంటీ (అయస్కాంతంతో), యూటీ (అల్ట్రాసౌండ్‌తో) ఈ మూడింట్లో లెవెల్ టూ, ఆర్‌టీ (రేడియేషన్‌తో) ఒక్కదాంట్లో లెవెల్ వన్ ఉన్నాయి. మూడు మెట్లలో అన్నిటికన్నా పైది లెవెల్ త్రీ. షట్‌డౌన్లలో (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపిన రోజుల్లో) తన పక్కనే నిలబడి అదే పని చేసే కాంట్రాక్టు టెక్నీషియన్లకు రోజుకి తనకన్నా చాలా ఎక్కువ ముడుతోందని చూసి, తనూ అటు వెళ్దామని ఒక మ్యాన్‌పవర్ సంస్థకు సీవీ పంపారు. "పీసీఎన్ గానీ, ఇంకేదైనా ఐఎస్‌ఓ 9712 సర్టిఫికెట్ గానీ ఉందా?" అని అడిగారట. లేవన్నారు. "అయితే మీ దగ్గరున్నవి మీ కంపెనీవి. గేటు దాటితే చెల్లవు" అని ఫోన్ పెట్టేశారట.

అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే రాజీనామా చేసినప్పుడే ఇస్తామని హెచ్‌ఆర్ అంటోంది. నోటీసు మూడు నెలలు. దాచుకున్న డబ్బు రెండు కోర్సులకు, పైన నాలుగు నెలల ఇంటి ఖర్చుకు వస్తుంది. అమ్మానాన్నలు, భార్య, చిన్న పాప ఈ జీతం మీదే ఉన్నారు. ఫ్రెండ్స్ నేరుగా పీఏయూటీ (ఫేజ్‌డ్ అర్రే అనే పైస్థాయి యూటీ) చేసేయమంటున్నారు. రోప్ యాక్సెస్‌లో (తాడు మీద వేలాడుతూ చేసే పనిలో) ఉన్న బావగారు తనతో వచ్చేయమంటున్నారు. సైట్‌లో ఒక సీనియర్ ఏపీఐ 570 (పైపింగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష) రాసి ఇన్‌స్పెక్టర్ అయిపో అంటున్నారు. ఒక ఏజెంటైతే పరీక్షకు కూర్చోకుండానే, శిక్షణ, అనుభవం గంటలన్నీ తానే నింపి, వారంలో సర్టిఫికెట్ చేతిలో పెడతానంటున్నాడు. "ఏ కోర్సు ముందు చేయాలి? ఉద్యోగం ఎప్పుడు మానాలి? ఈ ఆరేళ్లూ వృథాయేనా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా తొలుస్తున్నది అదే. వృథా కాలేదు. ఆ మ్యాన్‌పవర్ సంస్థ చెప్పిందాంట్లో సగమే నిజం.

మీ సర్టిఫికెట్ మీద ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ అని ఉంటుంది, చూడండి. అది అమెరికాలోని ఏఎస్‌ఎన్‌టీ అనే ఎన్డీటీ సంఘం ప్రచురించిన సిఫారసుల పత్రం. దాని ప్రకారం ప్రతి కంపెనీ తన సొంత విధానాన్ని 'రిటెన్ ప్రాక్టీస్' పేరుతో రాసుకుంటుంది. తన లెవెల్ త్రీ చేత శిక్షణ, పరీక్షలు జరిపించి, తన ఉద్యోగిని తనే సర్టిఫై చేస్తుంది. 'మా దగ్గర, మా విధానం కింద, ఈయన ఈ పని చేయగలడు' అని యజమాని చెప్పే మాట అది. మీరు అక్కడ ఉద్యోగి కాకపోతే ఆ మాటకు ఆధారం ఉండదు. ఇంతవరకు వాళ్లు చెప్పింది సరైనదే.

వాళ్లు చెప్పని సగం ఇది: ఆ సర్టిఫికెట్ వెనకున్న శిక్షణ గంటలు, పరీక్ష మార్కులు, పనిచేసిన అనుభవం మీ వెంటే వస్తాయి. కొత్త కంపెనీ లెవెల్ త్రీ వాటిని చూసి, తమ పరీక్ష పెట్టి, మిమ్మల్ని తమ పేరుతో మళ్లీ సర్టిఫై చేయవచ్చు. అయితే అవి కాగితం మీద ఉండాలి. ఆరేళ్లు పనిచేశానని నోటితో చెబితే ఏ లెవెల్ త్రీ సంతకం పెట్టడు.

ఐఎస్‌ఓ 9712 దారి వేరు. అక్కడ పరీక్ష పెట్టేది, సర్టిఫికెట్ ఇచ్చేది మీ యజమానితో సంబంధం లేని మూడో సంస్థ. పీసీఎన్ అంటే బ్రిటన్‌లోని బిండ్ట్ సంస్థ నడిపే అలాంటి పథకం. సర్టిఫికెట్ మీ పేరు మీద ఉంటుంది, కంపెనీ మారినా మీతోనే వస్తుంది, ఐదేళ్లు చెల్లుతుంది. దానితో కూడా సైట్‌లోకి నేరుగా వెళ్లలేరు. 'ఈయన ఈ పని చేయవచ్చు' అనే అనుమతి యజమాని విడిగా రాసివ్వాలి. మీకు మీరే యజమాని అయితే ఆ బాధ్యతలన్నీ మీ నెత్తినే పడతాయి: ఏటా కంటి పరీక్ష, పని ఆగిపోలేదని చూపే రికార్డు, పరికరాల కాలిబ్రేషన్. సొంతంగా కాంట్రాక్టు అనుకునేవాళ్లలో చాలామందికి ఈ సంగతి మొదటి పని చేతికొచ్చాక తెలుస్తుంది.

క్లయింటు ఏది అడుగుతాడన్నది ఆ పనికి ఏ కోడ్ వర్తిస్తుందో, కాంట్రాక్టులో ఏం రాసుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఏఎస్‌ఎంఈ (అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ కింద జరిగే పనుల్లో ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ మామూలుగా నడుస్తుంది. యూరోపియన్ ప్రమాణాల కింద అయితే ఐఎస్‌ఓ 9712 తప్పదు. కాబట్టి కోర్సు ఫీజు కట్టేముందు రెండు మూడు మ్యాన్‌పవర్ సంస్థల నుంచి ఈ మధ్య వచ్చిన రిక్వైర్‌మెంట్ షీట్లు సంపాదించండి. సర్టిఫికెట్ గడిలో ఏం రాసుందో చూడండి. ఫ్రెండ్స్ సలహాలకన్నా ఆ నాలుగు కాగితాలు మీకు ఎక్కువ చెబుతాయి.

ఇక అసలు పని. ఇది ఈ వారమే మొదలవ్వాలి, రాజీనామా ఆలోచనకు ముందే.

ఒక లాగ్‌బుక్ పెట్టండి. తేదీ, మెథడ్, ఏ టెక్నిక్, ఎన్ని గంటలు, ఏ మెటల్, ఎంత మందం, ఏ జాయింట్, ఏ ప్రొసీజర్ నంబరు, రిపోర్టు నంబరు, సైట్, పక్కన సూపర్‌వైజర్ లేదా లెవెల్ త్రీ సంతకం. 'యూటీ, 8 గంటలు' అని రాస్తే సరిపోదు. '12 మిల్లీమీటర్ల కార్బన్ స్టీల్ బట్ వెల్డ్, 60 డిగ్రీల ప్రోబ్, 6 గంటలు' అని రాస్తేనే చదివేవాడికి మీరేం చేశారో తెలుస్తుంది. ఆ ఎనిమిది గంటల్లో రెండు గంటలు పర్మిట్ కోసం కూర్చుంటే, అవి యూటీ గంటలు కావు, రాయకండి. ఆడిట్ చేసేవాడు ఒక షిఫ్ట్‌లో ఎన్ని జాయింట్లు అయ్యాయో చూసి లెక్క వేస్తాడు.

పాత ఆరేళ్ల సంగతి? జ్ఞాపకం మీద రాయకండి. టైమ్‌షీట్లు, రిపోర్టు రిజిస్టరు ముందు పెట్టుకుని నెలవారీగా మొత్తాలు తీయండి. వాటిని చూసిన సూపర్‌వైజర్ చేత ఈ రోజు తేదీతోనే, 'రికార్డులు సరిచూశాను' అని సంతకం చేయించండి. పాత తేదీలు వేసి సంతకం పెట్టిస్తే, నిజమైన గంటలు కూడా దొంగ గంటల్లా కనిపిస్తాయి. క్లయింటు రిపోర్టుల కాపీలు, ఎక్స్‌రే ఫిల్ములు, ఫోన్‌లో తీసిన ఫొటోలు మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి. అవి వాళ్ల ఆస్తి. రిపోర్టు నంబరు ఒక్కటి చాలు.

హెచ్‌ఆర్ ఇవ్వననేది ఎక్స్‌పీరియన్స్ లెటర్. మీకు ముందుగా కావలసింది అది కాదు. మీ శిక్షణ రికార్డు, పరీక్ష మార్కులు, కంటి పరీక్ష రిపోర్టులు కావాలి. అవి క్వాలిటీ విభాగంలో, లెవెల్ త్రీ ఫైలులో ఉంటాయి. అడగవలసిన మనిషి ఆయనే. 'ఐఎస్‌ఓ 9712 పరీక్షకు దరఖాస్తు చేసుకుంటున్నాను, నా శిక్షణ రికార్డు కాపీలు కావాలి' అని ఉన్నదున్నట్టు అడగండి. ఆ దరఖాస్తులో అనుభవాన్ని ధ్రువీకరించమని యజమాని సంతకం ఎలాగూ అడుగుతారు, దాచినా ప్రయోజనం లేదు. పైగా స్వతంత్ర సర్టిఫికెట్ ఉన్న మనుషులు ఉంటే టెండర్లలో మీ కంపెనీకీ పనికొస్తుంది. ఫీజు తామే కడతామని కూడా అనవచ్చు. అప్పుడు వెనక బాండ్ వస్తుంది. రెండేళ్ల బాండ్ మీద సంతకం పెట్టి ఆరు నెలల్లో కాంట్రాక్టుకి పోదామనుకుంటే కుదరదు. సొంత డబ్బుతో రాస్తే ఆ ముడి ఉండదు. ఏది మేలో మీ లెక్క ప్రకారం మీరే చూసుకోండి.

ఆర్‌టీ చేశారు కాబట్టి ఇంకో కాగితం: మీ డోస్ రికార్డు, అంటే మీ ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క. రేడియేషన్ పనివాళ్లకు ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం) సిఫారసు చేసిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. ఐదేళ్ల లెక్క కావాలంటే పాత యజమాని దగ్గర మీకు తగిలిన డోస్ కొత్తవాడికి తెలియాలి. కంపెనీ మారినప్పుడల్లా ఈ చరిత్ర తెగిపోతే నష్టం మీ ఒంటికి. బ్యాడ్జి రీడింగుల మొత్తం కాపీ తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు కోర్సులు.

నేరుగా పీఏయూటీ అనేది వినడానికి బాగుంది. కానీ ఐఎస్‌ఓ 9712 పథకాల్లో మామూలుగా పీఏయూటీకి ముందు యూటీ లెవెల్ టూ అదే పథకంలో ఉండాలి. మీ కంపెనీ ఇచ్చిన యూటీతో పీఏయూటీ కోర్సు చేయనిస్తారేమో గానీ, చివర్లో చేతికొచ్చేది కోర్సు పూర్తి చేశారన్న కాగితం మాత్రమే కావచ్చు. శిక్షణ కాగితానికి, సర్టిఫికేషన్‌కి తేడా ఉంది. ఇన్‌స్టిట్యూట్ల ప్రకటనల్లో ఈ తేడా ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'మీ కోర్సు తర్వాత ఏ సంస్థ పరీక్ష పెడుతుంది? సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది?' అని ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా అడగండి.

అందుకని నా మాట యూటీ లెవెల్ టూ, ఐఎస్‌ఓ 9712 కింద. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే గడప ఒకటుంది. ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ సిఫారసులో యూటీకి లెవెల్ వన్ 40 గంటలు, లెవెల్ టూ 40 గంటలు, మొత్తం 80 గంటల శిక్షణ. ఐఎస్‌ఓ 9712లో లెవెల్ వన్‌కి 40, టూకి 80, మొత్తం 120. అంటే మీ పాత శిక్షణ మొత్తాన్నీ ఒప్పుకున్నా ఇంకా 40 గంటలు తక్కువ. రెట్లలో చూస్తే పీటీలో తేడా ఇంకా ఎక్కువ. అక్కడ 12 గంటలైతే ఇక్కడ 40. ఎంటీలో 20కి 40. సర్టిఫికేషన్ సంస్థను బట్టి, చదువును బట్టి కొన్ని తగ్గింపులు ఉంటాయి. దరఖాస్తు పంపి తిరుగుటపాలో కళ్లు తెరవడం కన్నా, మీ రికార్డు ముందే పంపి 'నాకు ఇంకెన్ని గంటలు కావాలి?' అని అడగడం మేలు. అనుభవం గంటల విషయంలో మీకు బెంగ లేదు. ఎస్‌ఎన్‌టీ సిఫారసు యూటీ లెవెల్ టూకి 630 గంటలే అడుగుతుంది. ఆరేళ్లలో దానికి ఎన్నో రెట్లు చేసుంటారు, రుజువు ఉంటే.

పరీక్షలో జనరల్, స్పెసిఫిక్, ప్రాక్టికల్ అని భాగాలు. విడివిడిగా ప్రతిదాంట్లోనూ 70 శాతం రావాలి. ఎస్‌ఎన్‌టీ పద్ధతిలో మొత్తం సగటు 80 ఉండాలన్న లెక్క ఉంటుంది కాబట్టి, ఒకదాని లోటు ఇంకోదానితో కొంత పూడ్చుకున్న అలవాటు మీకుండొచ్చు. ఇక్కడ అలా కుదరదు.

అనుభవజ్ఞులు ఫెయిలయ్యేది ఎక్కువగా ప్రాక్టికల్‌లో. కారణం సైట్ అలవాట్లు. సైట్‌లో నిన్నటి కాలిబ్రేషన్ మెమరీలోంచి పిలిచి పని మొదలుపెడతారు. పరీక్షలో ప్రోబ్ చేతికిచ్చి మొదటినుంచి చేయమంటారు. వీ1 బ్లాకు (కాలిబ్రేషన్‌కి వాడే ఉక్కు దిమ్మ) మీద 100 మిల్లీమీటర్ల రేడియస్‌తో ఇండెక్స్ పాయింటు (ప్రోబ్ నుంచి బీమ్ బయటికొచ్చే చోటు) తీయడం, తర్వాత నిజమైన యాంగిల్ కొలవడం, అది యంత్రంలో పెట్టడం. ఈ మూడింట్లో నడిమి మెట్టు చాలామంది ఎగరేస్తారు. దాని ఫలితం లెక్కలో చూడండి. 12 మిల్లీమీటర్ల ప్లేటు, 60 డిగ్రీల ప్రోబ్. రూట్ (వెల్డ్ అడుగు) దగ్గరికి బీమ్ పాత్ (ధ్వని వెళ్లే దూరం) 24 మిల్లీమీటర్లు, అడుగున తగిలి తిరిగి క్యాప్ (వెల్డ్ పైభాగం) దగ్గరికి 48. ప్రోబ్ బూటు అరిగి అసలు యాంగిల్ 57కి దిగిందనుకోండి. రూట్ క్రాక్ నుంచి సిగ్నల్ 22 దగ్గర వస్తుంది. యంత్రం ఇంకా 60 అనే అనుకుంటుంది కాబట్టి లోతు 11 అని చూపిస్తుంది. ప్లేటు మందం 12. రూట్‌కి ఒక మిల్లీమీటరు పైన ఏదో ఉందని మీరు సైడ్‌వాల్ లాక్ ఆఫ్ ఫ్యూజన్ (పక్క గోడకు వెల్డ్ అతుక్కోకపోవడం) అని రాస్తారు. ఉన్నది రూట్ క్రాక్. పరీక్షలో అది ఫెయిలు.

రెండో తప్పు రూట్ పెనెట్రేషన్ (వెల్డ్ అడుగున పొడుచుకొచ్చిన లోహం) నుంచి వచ్చే మామూలు సిగ్నల్‌ని లోపంగా రాసేయడం. లేదా దానికి భయపడి, దాని పక్కనే ఉన్న నిజమైన లోపాన్ని కూడా 'జామెట్రీ' (వెల్డ్ ఆకారం వల్ల వచ్చిన సిగ్నల్) అని కొట్టేయడం. స్కెచ్ గీయండి. మందం, బెవెల్, రూట్ గ్యాప్ వేసి, సిగ్నల్ వచ్చిన చోటును రెండు వైపుల నుంచీ ప్లాట్ చేయండి. జామెట్రీ సిగ్నల్ రెండు వైపుల నుంచీ వెల్డ్ మధ్యగీతకు అవతల పడుతుంది, క్రాక్ అలా పడదు. మూడోది చిన్నదే: స్కానింగ్ కోసం గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగు) 6 డెసిబెల్స్ పెంచి, కొలిచేటప్పుడు మళ్లీ రిఫరెన్స్‌కి దించడం మరిచిపోవడం. లోపం పొడవు, ఎత్తు రెండూ తప్పు వస్తాయి. ఈ మూడూ సరిదిద్దుకోవడానికి కోర్సు అక్కర్లేదు. మీ కంపెనీలో పాత శాంపిల్ ప్లేట్లు ఉంటే, షిఫ్ట్ తర్వాత రోజూ ఒక గంట, రిపోర్టుతో సహా రాసి సాధన చేయండి.

పీటీ, ఎంటీలు తేలికనుకోకండి. వాటి వాటా కూలి తక్కువే అయినా, కాంట్రాక్టు సంస్థలు ఒకే మనిషిలో మూడూ వెతుకుతాయి. పీటీలో పెనెట్రెంట్ నిలిపే సమయం, డెవలపర్ తర్వాత చూసే సమయం, వెలుతురు 1000 లక్స్ ఉందా లేదా. ఎంటీలో ఏసీ యోక్ (చేత్తో పట్టుకునే విద్యుదయస్కాంతం) 4.5 కిలోలు, డీసీ యోక్ 18 కిలోలు ఎత్తుతోందా. ఈ అంకెలు నోటికి రావాలి. క్లయింటు ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర అడిగేది వీటినే.

మీ బావగారి మాట తీసిపారేయదగింది కాదు. పరంజా కట్టకుండా తాడు మీద దిగి మందం చదవగలిగేవాడు క్లయింటుకి చాలా ఖర్చు తప్పిస్తాడు, అందుకే వాళ్లకు పని దొరుకుతుంది. ఐరాటా (రోప్ యాక్సెస్ పరిశ్రమ సంఘం) లెవెల్ వన్ నాలుగు రోజుల శిక్షణ, తర్వాత బయటి అసెసర్ పెట్టే పరీక్ష, మూడేళ్ల చెల్లుబాటు. లెవెల్ టూకి వెళ్లాలంటే ఏడాది, వెయ్యి గంటలు రెండూ కావాలి. ఆరు నెలలు తాడు ఎక్కకపోతే రిఫ్రెషర్ చేయాలి. చిక్కు అక్కడే ఉంది: కొత్త లెవెల్ వన్‌కి తాడు పని సులభంగా రాదు, రాకపోతే గంటలు పెరగవు. తాడుతో పాటు మంచి యూటీ ఉన్నవాడినే పిలుస్తారు. తాడు ఒక్కటే ఉంటే రంగులు వేయడానికి, శుభ్రం చేయడానికి వెళ్తారు. ఎత్తు మీద మీ తల తిరగదా, మోకాళ్లు, భుజాలు బాగున్నాయా అన్నది మీకే తెలియాలి. బావగారి టీమ్‌లో మొదటి పని ఖాయంగా ఉందంటే, యూటీ చేతికొచ్చాక రెండో కోర్సుగా ఇది పెట్టుకోవచ్చు. పని ఖాయం కాకపోతే ఆగండి.

ఏపీఐ 570 వేరే ఉద్యోగం. మీరిప్పుడు మందం చదివి రాస్తున్నారు. ఆ అంకెతో ఏం చేయాలో తేల్చేవాడు ఇన్‌స్పెక్టరు. ఒక లైనులో ఐదేళ్ల కిందట 6.8 మిల్లీమీటర్లు, ఇప్పుడు 6.3 ఉందనుకోండి. ఏడాదికి 0.1 చొప్పున తింటోంది. కనీసం 4.3 కావాలంటే ఇంకా 20 ఏళ్లు మిగిలింది. మిగిలిన ఆయుష్షులో సగం లెక్కన పదేళ్లకు మళ్లీ చూడాలి, కానీ క్లాస్ వన్ (లీకైతే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ ఉండే) లైనైతే ఐదేళ్లు దాటకూడదు. ఈ ఆలోచన మీకు నచ్చితే ఆ దారి మీదే, వయసు మళ్లాక కూడా చేయగలిగిన పని. అర్హతకు చదువు, పైపింగ్ ఇన్‌స్పెక్షన్‌లో అనుభవం రెండూ చూస్తారు, చదువు తక్కువైతే ఏళ్లు ఎక్కువ అడుగుతారు. సర్టిఫికెట్ మూడేళ్లకొకసారి రెన్యూ చేయాలి. ఇప్పుడే రాయకండి అనడం లేదు. రెండేళ్ల తర్వాత రాసేలా, ఈలోగా చదివిన ప్రతి మందానికీ ఈ లెక్క మీరే వేసి చూసుకోండి అంటున్నాను. కేవలం కోడ్ బట్టీ పట్టి పాసైనవాడిని క్లయింటు మొదటి ఇంటర్వ్యూలోనే పట్టేస్తాడు.

ఏజెంటు విషయం. పీసీఎన్, ఐరాటా లాంటివి ఆన్‌లైన్‌లో సరిచూసుకునే ఏర్పాటు ఉంది. గేట్ పాస్ ఇచ్చేముందు క్లయింటు ఆ పని చేస్తాడు. దొరికితే ఆ ఒక్క పనే పోదు, మీ నిజమైన ఆరేళ్లను కూడా ఎవరూ నమ్మరు. దొరక్కపోతే ఇంకా ప్రమాదం. మీ సంతకంతో పాసైన జాయింటు రేపు విచ్చుకుంటే విచారణలో ముందు తీసేది మీ ఫైలే. ఆ నంబరు బ్లాక్ చేయండి.

ఇక ఎప్పుడు మానాలి? మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఇక్కడే ఉంటూ ఎనిమిది నెలల నుంచి ఏడాదిలో యూటీ, వీలైతే ఎంటీ తెచ్చుకుని అప్పుడు నోటీసు ఇవ్వడం. జీతం ఆగదు, సాధనకు శాంపిళ్లు దొరుకుతాయి, గంటల ధ్రువీకరణ తేలిక. ఇబ్బందల్లా, మీరు వెళ్లిపోతారని తెలిశాక మంచి పనులు మీకు ఇవ్వకపోవచ్చు. మీ ఇంటి పరిస్థితికి నాకు ఇదే నప్పుతుందనిపిస్తోంది.

రెండోది, ఇప్పుడే ఇంకో ఏజెన్సీలో చేరడం. వాళ్ల లెవెల్ త్రీ మీ రికార్డు చూసి మళ్లీ సర్టిఫై చేస్తారు. కొంచెం జీతం పెరుగుతుంది, కొత్త రకం పనులు తెలుస్తాయి. కానీ రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు, ఎందుకంటే ఆ సర్టిఫికెట్ కూడా వాళ్లదే. చేరేముందే ఐఎస్‌ఓ 9712 రాయనిస్తారా అని అడిగి ఒప్పించుకుంటే ఈ దారికి అర్థముంటుంది.

మూడోది, నోటీసు ఇచ్చేసి ఖాళీ సమయంలో కోర్సు చేసి నేరుగా కాంట్రాక్టుకి. పెళ్లీ పిల్లలూ లేనివాళ్లకు పనికొచ్చే దారి. పరీక్ష ఒకసారి తప్పితే మళ్లీ రాసే దాకా జీతం, పని, ప్రాక్టీసు మూడూ ఉండవు.

పక్కవాడి రోజు కూలి చూసి మీరు కదిలారు కాబట్టి ఆ లెక్క కూడా సరిగ్గా వేద్దాం. మీకు నెలకు 26 పనిరోజులు, ఏడాదికి 312 రోజుల జీతం వస్తుందనుకుందాం. షట్‌డౌన్లు సీజన్లలో వస్తాయి. ఏడాదికి 170 రోజులు పని దొరికిందనుకోండి. ఇప్పటి ఆదాయం నిలవాలంటేనే రోజు రేటు ఇప్పటి రోజు జీతానికి 1.8 రెట్లు పైన ఉండాలి. ఇన్సూరెన్సు, మెడికల్, సర్టిఫికెట్ల రెన్యూవల్, ఖాళీ రోజుల ప్రయాణాలు కలిపి ఇంకో పావు వేసుకుంటే 2.3 రెట్లు. అంతకన్నా తక్కువ రేటు చెబితే, మీకు ఎక్కువగా కనిపిస్తున్నా నిజానికి జీతం తగ్గినట్టే. మీ పక్కన పనిచేసినవాళ్లను రోజు రేటు అడగకండి, పోయిన ఏడాది ఎన్ని రోజులు పని దొరికిందో అడగండి.

ఒప్పందం కాగితం వచ్చినప్పుడు రేటు తర్వాత చూడవలసినవి: పర్మిట్ రాక ఖాళీగా కూర్చున్న రోజుకు స్టాండ్‌బై రేటు ఎంత, సైట్‌కి రానుపోను ఖర్చు ఎవరిది, 8 గంటలు దాటితే లెక్కేంటి, పని మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల నోటీసు, యూటీ యంత్రం, ప్రోబులు, బ్లాకులు ఎవరివి, వాటి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందా. సంతకం ఎవరి రిటెన్ ప్రాక్టీస్ కింద పెడుతున్నారో కూడా అందులో ఉండాలి. 'మీరే చూసుకోండి' అని రాసుంటే, బయటి లెవెల్ త్రీని మీరు డబ్బిచ్చి పెట్టుకోవాలని దానర్థం. ఆ ఖర్చు రేటులో కలపాలి.

చివరిగా మీ దాచిన డబ్బు. రెండు కోర్సులకు కలిపి పెట్టకండి. మొదటి కోర్సు జీతం నడుస్తుండగానే కట్టేయండి, రెండోదాని డబ్బు ఇంటి ఖర్చు ఖాతాలో కలపండి. కాంట్రాక్టులో నెలాఖరున బిల్లు పెడతారు, దాని మీద 45 రోజుల గడువు ఉందనుకుంటే మొదటి రోజు కష్టానికి డబ్బు 75 రోజులకు గానీ చేతికి రాదు. దానికి ముందు పని వెతికే నెల, గేట్ పాస్, మెడికల్ అయ్యే రెండు వారాలు కలపండి. నాలుగు నెలలు అక్కడే అయిపోయాయి, ఒక్క బిల్లు ఆలస్యమైతే ఐదోది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన కనబడే దాకా నోటీసు ఇవ్వకండి. ఈలోగా లాగ్‌బుక్ నింపుతూ ఉండండి, లెవెల్ త్రీ గారిని ఈ వారమే కలవండి.